రెండో కుర్చీలో దగ్గు

గోడలకి చెవులుంటాయంటారు. మా వంటగది గోడకి మాత్రం పన్నెండేళ్ళుగా నా చెవే ఉంది. దాచినా దాగేది కాదు గనక ముందే ఒప్పేసుకుంటున్నాను. ఒంటి ఇటుక గోడ. ఇవతల నా గిన్నెలు, అవతల తమ్ముడి క్లారినెట్.

తమ్ముడంటే నా తమ్ముడు కాదు. పక్క వాటాలో అక్కా తమ్ముడూ ఇద్దరే ఉండేవారు. ఆవిడ పొద్దున లేచింది మొదలు తమ్ముడూ గొడుగు మర్చిపోకు, తమ్ముడూ బొత్తాం ఊడింది ఇటు రా అంటూ ఉండేది. వినీ వినీ మేడ మొత్తానికి ఆయన తమ్ముడైపోయాడు, ఆవిడ అక్క అయిపోయింది. పాలవాడు కూడా తమ్ముడనే పిలిచేవాడు. ఆ తమ్ముడికి అప్పటికే యాభై దగ్గర పడుతున్నాయి, తలమీద వెంట్రుకలు లెక్కపెట్టి చెప్పేటన్ని. ఆయన మా ఆయన్ని అన్నయ్యగారూ అనేవాడు కాబట్టి నన్ను వదినగారూ అనేవాడు. నేను తమ్ముడూ అంటే ఆయన వదినగారూ అనడం ఏం వరసో నాకిప్పటికీ తెలీదు. ఎవరూ తప్పు పట్టలేదు, అలాగే నడిచిపోయింది.

అక్క నాటకశాలలో దుస్తులు కుట్టేది. ముప్ఫై ఏళ్ళు. రాజుగారి కోటుకి బొత్తాలు, భటుల లాగులకి మోకాళ్ళ దగ్గర అతుకులు. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ణి ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక వెంట తీసుకెళ్ళేదట. తమ్ముడు ఆవిడ కుట్టుమిషను కాళ్ళ దగ్గర పెరిగాడు. అక్కడికి పాట వినిపించేది. వేదిక ముందు నేల కిందికి దింపి, వాయించేవాళ్ళని అందులో కూర్చోబెడతారు. వాళ్ళు దాన్ని గొయ్యి అనే అంటారు. ఆ గోతిలో క్లారినెట్ ఊదే ముసలాయన ఒకడు పిల్లాణ్ణి చేరదీసి నేర్పాడు. ముసలాయన పోయాక ఆ కుర్చీ తమ్ముడిదైంది. మొదటి కుర్చీ.

క్లారినెట్ మూతికి సన్నటి రెల్లుపుల్ల బిగిస్తారు, రీడు అంటారు. ఊదే ముందు దాన్ని నీళ్ళలో నానబెట్టాలి. ఒకసారి వాళ్ళింట్లో కబుర్లలో పడి, మంచినీళ్ళే కదా అని ఆ గ్లాసు ఎత్తి తాగేశాను. పుల్ల పెదవికి గుచ్చుకుంది. అక్క దగ్గలేక నవ్వింది, నవ్వలేక దగ్గింది.

ఆ దగ్గు గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ గుడ్డల నూగు ఆవిడ గుండెల్లో చేరిపోయింది. ముందు తలుపు తట్టినట్టు చిన్నవి రెండు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత పొడిగా, లోతుగా ఒకటి, దాని వెనకే సన్నటి ఈల. నూరు మంది దగ్గుతున్నా అక్కది ఏదో చెప్పేసేదాన్ని. మా ఇంట్లో పిల్లలు పుస్తకం ముందు కునుకు తీస్తుంటే ఆ దగ్గుకి ఉలిక్కిపడి లేచేవారు.

తమ్ముడు వాద్యకారుల సంఘానికి ఆ నాటకశాల తరఫు కార్యదర్శి కూడా. నెలకోసారి ఒక కాగితం నిండా రాసి, అచ్చు వేయించి, నటులు వెళ్ళే వెనక గుమ్మం పక్క గోడకి అంటించేవాడు. దానికి ‘సంఘం కబురు’ అని పేరు. అంటించే ముందు నాకు చూపించేవాడు. నా బడి అయిదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. మందుసీసా మీది కాగితం, కరెంటు బిల్లు వెనక నిబంధనలు, ఏదీ వదలను. నాకు అర్థమైతే డ్రమ్ము వాయించే ఆయనకి కూడా అర్థమవుతుందని తమ్ముడి నమ్మకం.

అలా నాకు వాళ్ళ లోకం తెలిసింది. గోతిలో గోడకి చెమ్మ ఊరి పెద్ద వయొలిన్ పొట్ట ఉబ్బిన సంగతి. గంటన్నర వాయిస్తే పావుగంట ఊపిరి తీసుకోనివ్వాలని పోరాడిన సంగతి. కాన్పుకి వెళ్ళినావిడ తిరిగొచ్చేసరికి ఆవిడ చోటు ఆవిడకే ఉండాలన్న సంగతి. వాళ్ళకొక పద్ధతి ఉంది. ఎవరినైనా అన్యాయంగా పనిలోంచి తీసేస్తే, తగువు తేలేదాకా ఆ మనిషి కుర్చీని గోతిలోంచి కదపకూడదు. ఖాళీగా అక్కడే ఉంచాలి. పక్కవాళ్ళు దాని మీద కోటు కూడా వెయ్యరు. ‘కుర్చీ మనిషిదే’ అని తమ్ముడు ప్రతి కబురు కిందా రాసేవాడు.

అక్క మంచాన పడ్డ ఏడాది తమ్ముడు ఆటలకి సెలవు పెట్టాడు. అప్పుడే ఒక కంపెనీ మనిషి మైకు, పెట్టె మోసుకుని వచ్చాడు. నేర్చుకునేవాళ్ళ కోసం ఒక మెషీను చేస్తున్నామన్నాడు. క్లారినెట్‌లో ఉన్న ప్రతి స్వరాన్నీ విడివిడిగా, మెల్లగా ఒకసారి, మధ్యస్తంగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ఎనిమిది లెక్కపెట్టేదాకా పట్టి ఊదాలి. ఇల్లు కదలకుండా చేసే పని. తమ్ముడు ఒప్పుకున్నాడు. సాక్షి కావాలంటే నేనే సంతకం పెట్టాను. పెట్టేముందు కాగితమంతా చదివాను, ఆ మనిషి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ‘సాధన నిమిత్తం మాత్రమే’ అని ఉంది. మాత్రమే అని ఎందుకు రాశారని అడిగితే, అలా రాస్తారండీ అన్నాడు.

పన్నెండు రోజులు, పొద్దున పది నుంచి పన్నెండు దాకా నేను మిక్సీ వెయ్యలేదు. మెట్ల మీద పిల్లల్ని చెప్పులు చేత్తో పట్టుకుని నడిపించాను. అక్క లోపలి గదిలో దుప్పటి కొస పళ్ళ మధ్య కరుచుకుని పడుకునేది. ఒక స్వరం అయ్యాక తమ్ముడు ‘ఊఁ’ అనేవాడు, అప్పుడు దగ్గేది. దగ్గు కూడా ఆయన సైగ మీదే.

మూడు నెలలకి అక్క పోయింది.

రెండేళ్ళు గడిచాయి. నాటకశాలలో కొత్త ఆట మొదలవబోతోందనగా మేనేజరు ముగ్గురు వాద్యకారుల్ని తీసేసి వాళ్ళ బదులు ఒక మెషీను తెచ్చాడు. ఆ ముగ్గురిలో రెండో క్లారినెట్ అమ్మాయి ఉంది, తమ్ముడి శిష్యురాలు. పద్ధతి ప్రకారం ఆ పిల్ల కుర్చీని తమ్ముడు కదపనివ్వలేదు. మేనేజరు గడుసువాడు. కుర్చీ కదపొద్దన్నారు సరే, దాని మీద ఏమీ పెట్టొద్దనలేదు కదా అని మెషీను స్పీకరు తెచ్చి ఆ కుర్చీ మీదే కూర్చోబెట్టాడు. నల్లటి పెట్టె, మనిషి ఛాతీ అంత. తమ్ముడు మోచెయ్యి చాపితే తగిలేంత దూరంలో.

ఆ నెల సంఘం కబురు నిప్పులు కక్కింది. నేను చదివి ఒక్క మాట కూడా మార్చమనలేదు.

ఆట మొదలైన పదిహేను రోజులకి అవతలి వాటాలో క్లారినెట్ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన సాధన మానిన రోజు అక్క పోయిన రోజొక్కటే. నేను గిన్నెలు తోముతున్నట్టు నటించి గోడకి చెవి ఆనించాను. చప్పుడు లేదు. మనిషి లేని నిశ్శబ్దం కాదది. అవతల కూడా ఎవరో చెవి ఒగ్గి కూర్చున్నట్టుంది.

ఉప్పు అడిగే నెపం మీద వెళ్ళాను. అక్క చెప్పులు, ఏనాడో సంచిలో కట్టి అటక మీద పెట్టినవి, గుమ్మం పక్కన ఉన్నాయి. తుడిచి ఉన్నాయి. నేను వాటిని చూడటం ఆయన చూశాడు. ఉప్పు నిండా పోసిచ్చి తలుపు వేసేశాడు.

రెండో వారం పంచదార అన్నాను, మూడో వారం సూది అన్నాను. సూదికి వెళ్ళిన రోజు అక్క బొత్తాల డబ్బా తీసి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"వదినగారూ, అక్క గోతిలోకి వస్తోంది."

నేను సూది వెతకడం మానేశాను.

రెండో అంకంలో దీపాలు తగ్గించి, కథానాయిక ఉత్తరం చదివే చోట, పాట బాగా మెల్లగా సాగుతుందట. తమ్ముడు ఆగుతాడు, మెషీను ఒక్క స్వరం పట్టి ఊదుతుంది. ఆ స్వరం చివర, పక్క కుర్చీలోంచి అక్క దగ్గుతోంది. చిన్నవి రెండు. ఆగి ఒకటి. ఈల. రోజూ, రెండు ఆటల్లోనూ. డ్రమ్ము ఆయన్ని అడిగితే తనకేమీ వినపడలేదన్నాడు. ఆయన చెవులు ఎప్పుడో డ్రమ్ముకి సమర్పించుకున్నాడు, అది వేరే సంగతి. పియానో ఆవిడ దూరంగా ఉంటుంది. అడిగినందుకు ఇద్దరూ జాలిగా చూశారట.

దగ్గు వినగానే తమ్ముడు, ఇన్నేళ్ళ అలవాటు, మంచినీళ్ళు ఇవ్వాలన్నట్టు అటు తిరుగుతున్నాడు. ఆ తిరగడంలో తను మళ్ళీ అందుకోవలసిన చోటు తప్పుతోంది. తొమ్మిది ఆటల్లో తప్పింది. కర్ర పట్టుకుని బృందాన్ని నడిపించే పెద్దాయన మొదట కళ్ళెర్ర చేశాడు, తర్వాత మేనేజరుకి చెప్పాడు. మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. మీ వాయిద్యంలో పదే పదే లోపాలు, మూడు వారాల్లోగా సంజాయిషీ ఇవ్వండి, లేకుంటే ఆ కుర్చీకీ వేరే ఏర్పాటు చేస్తామని. వేరే ఏర్పాటంటే ఏమిటో గోతిలో అందరికీ తెలుసు. ఇంకో నల్ల పెట్టె.

ఉత్తరం సంగతి ఆయన పొడిపొడిగా చెప్పాడు. ఆయన భయం అది కాదు. అక్క బతికినంత కాలం దగ్గు ఆపుకోమని సైగ చేసినవాణ్ణి, ఇప్పుడు లెక్క తేల్చుకోవడానికి వస్తోందేమో అన్నాడు.

నేను దయ్యాల్ని నమ్మనని కోతలు కొయ్యను. సగం నమ్ముతాను, పగలు పావు నమ్ముతాను. అందుకే మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. ముందు వరసలో, గోతి కటకటాలకి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాను. కిందికి చూస్తే చిన్న చిన్న దీపాలు, కాగితాలు, తమ్ముడి బట్టతల, దాని పక్క కుర్చీలో బుద్ధిగా కూర్చున్న ఆ పెట్టె. ఆట బాగానే ఉంది, కథానాయిక కాస్త ఎక్కువ ఏడ్చింది. ఉత్తరం వచ్చింది. దీపాలు తగ్గాయి. పెట్టె మెల్లగా ఊదడం మొదలుపెట్టింది. మనసులోనే ఒకటీ రెండూ లెక్కపెట్టుకున్నాను. ఏడు దగ్గర విన్నాను.

చిన్నవి రెండు. ఆగి ఒకటి. ఈల.

కింద తమ్ముడి తల పక్కకి తిరిగింది. ఆట అయిపోయి జనమంతా వెళ్ళాక కూడా నేను కుర్చీలోనే ఉన్నాను. ఊడ్చే ఆమె వచ్చి అమ్మా ఇల్లు లేదా అనడిగింది.

ఆ రాత్రంతా అక్కే కళ్ళలో మెదిలింది. పొద్దున పళ్ళు తోముకుంటూ ఉంటే మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. దయ్యమైతే ఎప్పుడూ ఏడు దగ్గరే ఎందుకు దగ్గాలి? ప్రాణంతో ఉన్న అక్క దగ్గుకి చోటూ వేళా ఉండేవి కావు. మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. ఏడు దగ్గరే. మూడో రోజూ ఏడు దగ్గరే, రవ్వంత తేడా లేదు. చచ్చినవాళ్ళు ఎంత బుద్ధిమంతులైనా అంత కచ్చితంగా ఉండరు.

నేరుగా పక్క వాటాకి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే చెప్పాను.

"అక్క రాలేదు తమ్ముడూ. నువ్వే తీసుకెళ్ళావు. ఆ పన్నెండు రోజుల్లో, ఆ కంపెనీ మైకులో."

ఆయనకి అర్థమవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు. ఆ స్వరాన్ని మెల్లగా ఆరుసార్లు ఊదాడట. అయిదూ నచ్చలేదు. ఒకటి మాత్రం గాజుమీద నీళ్ళలా వచ్చింది. అలాంటిది ఏడాదికోసారి వస్తుంది, రమ్మంటే రాదు. దాని తోకలో అక్క ఆపుకోలేక దగ్గింది. కంపెనీ మనిషి ఇదేమిటి చప్పుడన్నాడట. తమ్ముడికి చప్పుడు వినిపించనే లేదు. స్వరం విన్నాడు. ఇదే ఉంచండన్నాడు. వేరేవాడెవడైనా దగ్గు విని ఆ స్వరాన్ని పారేసేవాడు. వాద్యకారుడు కాబట్టే ఉంచాడు.

మిగతా చోట్ల మెషీను స్వరాల్ని ముక్కలుగా వాడుకుంటుంది కాబట్టి తోక తెగిపోతుంది. ఆట మొత్తం మీద ఆ ఒక్క చోటే ఆ స్వరాన్ని చివరిదాకా పట్టారు. అందుకే ఆ ఒక్క చోటే అక్క బయటికొచ్చింది.

మరి రోజూ పక్కనే కూర్చుని నీ ఊదడం నువ్వే ఎలా పోల్చుకోలేదని అడిగాను. అడక్కుండా ఉండలేను. ఊదేవాడికి తన స్వరం పళ్ళలోంచి, పుర్రెలోంచి వినిపిస్తుందట. పక్క కుర్చీలోకి తను ఎలా వినిపిస్తాడో జన్మలో వినడట. నెలన్నరగా తన పక్కన తనే కూర్చుని ఊదుతుంటే, వీడెవడో ఘటికుడు, వీడి నోరు పడిపోను అని తిట్టుకున్నాడట.

దయ్యం కాదని తేలింది కదా, ఇక నిశ్చింతగా ఊదుకోవచ్చు కదా అన్నాను. నాకు ఆ పూట అంతే తోచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అక్క అయితే బావుండేది వదినగారూ. అది నేను. ఆ పిల్లని లేవగొట్టి ఆ కుర్చీలో కూర్చున్నది నేను."

సంఘం నియమాల్లో తొమ్మిదోది ఆయన చేత్తో రాసిందే. సంఘం అనుమతి లేకుండా సభ్యులెవరూ మెషీన్లకి స్వరాలు ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్ళు ఒక సీజను పాటు గోతిలోకి దిగకూడదు. నేర్చుకునేవాళ్ళ కోసమే కదా, ఇది వేరు అనుకుని అడగలేదు. ఇప్పుడు నోరు విప్పితే, సాధనకి మాత్రమే ఇచ్చినవి ఆటలో వాడారు కాబట్టి, ముగ్గురి కుర్చీలు తిరిగొచ్చే దారి ఉంది, ఆయనది పోతుంది. కంచే చేను మేసిందన్న మాట పైన. నోరు మూసుకుంటే దగ్గు రాగానే తల తిప్పకుండా ఊదుకుంటూ పోవచ్చు, మేనేజరు ఉత్తరం దానంతటదే చల్లారిపోతుంది. సంజాయిషీకి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆ ఎనిమిది రోజుల్లో అయిదు ఆయన తల తిప్పకుండానే ఊదాడు. ఒక్క తప్పు లేదట. పెద్దాయన కర్రతో మెచ్చుకోలుగా తాళం వేశాడట. ఇంటికొచ్చాక మాత్రం అవతల నడక వినపడేది, ఆ గోడ నుంచి ఈ గోడకి. అక్క చెప్పులు వేసుకుని నడుస్తున్నాడేమోనని ఒక రోజు అనుమానమొచ్చింది. అది మాత్రం అడగలేకపోయాను. నా జన్మలో నేను అడగని ప్రశ్న అదొక్కటే అనుకుంటాను.

ఆరో రోజు ఆదివారం. ఆ అమ్మాయి వచ్చింది. పార్సిళ్ళ ఆఫీసులో చీటీలు అంటించే పనిలో చేరింది, వేళ్ళ కొసలన్నీ జిగురు. తలుపు తీసే ఉంది కాబట్టి నేనూ వెళ్ళాను, మూసి ఉన్నా వెళ్ళేదాన్నే. గురువుగారికి ఉత్తరం వచ్చిందని విని కంగారుపడి వచ్చిందట. మీరైనా ఉండాలి మాస్టారూ, మీరు కూడా లేకపోతే గోతిలో మా మాట చెప్పేవాళ్ళెవరు అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, నిన్న టిక్కెట్టు కొనుక్కుని ఆట చూశానంది. తన కుర్చీలో కూర్చున్నది ఎలా ఊదుతుందో వినాలనిపించిందట.

"తిట్టుకుందామనే వెళ్ళాను మాస్టారూ. తిట్టడానికి నోరు రాలేదు. అది మీలా వాయిస్తోంది."

తమ్ముడు నానబెట్టిన రీడు గ్లాసు కేసి చూస్తున్నాడు.

"నాలా కాదమ్మా. నేనే."

మొత్తం చెప్పాడు. పన్నెండు రోజులు, ఎనిమిది లెక్కలు, దగ్గు. అమ్మాయి జిగురు వేళ్ళని ఒకదానికొకటి రుద్దుకుంటూ విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఈ మాట మీరే రాసి గోడకి అంటించండి మాస్టారూ, నేను వేరేవాళ్ళ నోట వినకూడదు, అని వెళ్ళిపోయింది. మెట్ల మీద కాసేపు నిలబడిపోయింది. అడుగుల చప్పుడు ఆగడం నేను విన్నాను.

ఆ నెల సంఘం కబురులో వేరే కబుర్లు లేవు. ముందు నాకు చూపించాడు. నాలుగే వాక్యాలు. ‘రెండో కుర్చీలో ఉన్న మెషీను వాడుతున్న స్వరాలు నావి. సంఘాన్ని అడగకుండా ఇచ్చాను. తొమ్మిదో నియమం నాకూ వర్తిస్తుంది. కుర్చీ మనిషిదే.’ మొదటిసారి ఆ కాగితంలో ఒక మాట మార్చమని చెప్పాలనిపించింది. నేర్చుకునేవాళ్ళ కోసమని ఇచ్చానని ఒక ముక్క కలపమన్నాను. వద్దన్నాడు. అది విచారణలో చెప్పే మాట, గోడ మీద రాసే మాట కాదన్నాడు.

సంఘం పెట్టిన ఫిర్యాదు మీద విచారణ కార్మిక శాఖ ఆఫీసులో జరిగింది. పొడవాటి బల్ల, పంకా ఒక రెక్క వంకర. అధికారిణి చిన్న వయసే, జలుబుతో ఉంది. కంపెనీవాళ్ళు ఆ స్వరాలు ఈయనవి కావన్నారు, ఎక్కడెక్కడివో కలిపి చేసినవన్నారు. ఒప్పందం కాగితం తమ దగ్గర కనపడటం లేదన్నారు. మా దగ్గర కనపడింది. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొత్తాల డబ్బా అడుగున దాచింది, రెండు రోజులు వెతికి నేనే తీశాను. కింద నా సంతకం, పైన ఆ మాట. మాత్రమే. అధికారిణి చదివి, ఇది మీరు చదివే సంతకం పెట్టారా అని నన్నడిగింది. నేను చదవనిది ఈ గదిలో ఆ కేలండరు వెనక వైపొకటే అన్నాను. ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

తర్వాత మెషీనులోంచి ఆ స్వరాన్ని చివరిదాకా వినిపించమంది. పంకా ఆపించింది. ఏడు దగ్గర అక్క దగ్గింది. మళ్ళీ వినిపించమంది. మళ్ళీ దగ్గింది. ఇది ఎవరి దగ్గు అనడిగింది. నేను చెప్పాను. దుస్తుల గదిలో ఇంకా పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి, ఏళ్ళ తరబడి ఈ దగ్గు పక్కనే కుట్టామని చెప్పారు. మూడోసారి వినిపించినప్పుడు తమ్ముడు తల తిప్పాడు. ఈసారి ఎవరూ తప్పు పట్టలేదు.

తీర్పుకి నెల పట్టింది. మెషీను తీసెయ్యాలి, ముగ్గురినీ వాళ్ళ చోట్లలోకి తీసుకోవాలి, స్వరాలన్నీ చెరిపెయ్యాలి. మేనేజరు ఉత్తరం చెల్లదు. ఆ తర్వాత సంఘం సమావేశమై తొమ్మిదో నియమం ప్రకారం తమ్ముణ్ణి ఒక సీజను గోతికి దూరంగా ఉంచింది. కొందరు మినహాయిద్దామన్నారట. చెయ్యెత్తి వద్దన్నది తమ్ముడే. రెండో చెయ్యి ఆ అమ్మాయిదట. అది విని నాకు ఒళ్ళు మండింది. ఇంత చేస్తే ఇదా అని వాళ్ళింటికి పోయి అడుగుదామనుకున్నాను. తమ్ముడు ఆపాడు. ఆ చెయ్యి కూడా లేవకపోతే రేపు ఆ పిల్ల నా పక్కన కూర్చోగలదా వదినగారూ అన్నాడు.

చెరిపే రోజు తమ్ముణ్ణి పిలిచారు, తోడెళ్ళిన నన్ను బయటే కూర్చోబెట్టారు. ఆ ఒక్క స్వరం కావాలంటే మీకొక నకలు ఇప్పిస్తానంది అధికారిణి, జాలి గల పిల్ల. వద్దన్నాడట. తిరిగొచ్చే దారిలో నేను ఊరుకోలేదు. అక్కది ఇంకేం మిగిలింది నీ దగ్గర, ఒక బొత్తాల డబ్బా, ఒక జత చెప్పులు, ఆ దగ్గు ఉంచుకుంటే ఏం పోయింది అని వాదించాను. బస్సు దిగుతూ జవాబిచ్చాడు.

"ముప్ఫై ఏళ్ళు ఆ నాటకశాలకి కుట్టింది. పోయాక కూడా రోజుకి రెండు ఆటలు దగ్గించాను. ఇక చాలు."

ఇప్పుడు కొత్త సీజను నడుస్తోంది, ఆట పాతదే. నేను ఒకసారి వెళ్ళి చూసొచ్చాను, మళ్ళీ ముందు వరసే. అమ్మాయి రెండో కుర్చీలో ఊదుతోంది. మొదటి కుర్చీలో కూర్చోమని మేనేజరు అన్నా కూర్చోలేదట. అది ఖాళీగా పక్కనే ఉంది. దాని మీద ఎవరి కోటూ లేదు. ఉత్తరం చదివే చోట ఆ అమ్మాయి ఆ స్వరాన్ని మెల్లగా పట్టింది. ఏడు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. ఏమీ రాలేదు. ఎనిమిది దాకా స్వరం ఒక్కటే ఉంది.

తమ్ముడు ఇంట్లో మళ్ళీ సాధన మొదలుపెట్టాడు. నేను గిన్నెలు కట్టిపెట్టి వింటాను. అన్నీ ఊదుతాడు, చివర్న ఆ స్వరం ఊదుతాడు. గాజు మీద నీళ్ళలా రాదు, దగ్గరదాకా వస్తుంది. ఏడు దగ్గర ఆపేస్తాడు. ఆపి ‘ఊఁ’ అంటాడు. అని కూర్చుంటాడు.

నిన్న ఆ ఖాళీలో నా గొంతు గరగరలాడింది. తాలింపు పొగో ఏమో, దగ్గు గొంతు దాకా వచ్చేసింది. గోడ మీద నుంచి చెవి తీసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వంటగది దాటి వీధి గుమ్మం దాకా పరుగెత్తాను.